చెవిబండ మీద ఎవరూ లేరు

నంద్యాల,
ఆగస్టు 20.

ప్రియమైన తమ్ముడు యోహానుకు,

ప్రభువు నామంలో అక్క ప్రేమకుమారి రాసేది. ఇక్కడ మేం క్షేమం అని రాయడం మన ఇంటి అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు.

నీకు ఫోన్ చేస్తే కోనమిట్టలో సిగ్నల్ ఉండదు. ఆళ్లగడ్డకు దిగొచ్చాక చేస్తే ఎత్తవు. ఎత్తినా మొన్నటిలాగే నువ్వొక అరుపు, నేనొక అరుపు, తర్వాత కట్. అందుకే ఉత్తరం. ఫ్రాన్సిస్ అన్న ఆళ్లగడ్డ బస్సు మీదే డ్యూటీ చేస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

సుప్రజ సోమవారం పొద్దున ఇంటికొచ్చింది. తడి బూట్లు కవర్లో పెట్టుకుని, ఉత్త కాళ్లతో బస్టాండు నుంచి నడిచొచ్చింది. "ఏమైందే" అంటే "ఏం లేమా" అంటుంది. అన్నం పెడితే కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతుంది. మామ ఏమన్నా తిట్టినాడా అంటే గోడవైపు తిరిగి పడుకుంటుంది. నా కడుపున పుట్టిన పిల్ల, నేను తిడితే రెండు తిట్టే పిల్ల, ఇట్లా నోరు కట్టేసుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

నిన్న బడిలో ఐదో తరగతికి పాఠం చెబుతుంటే ఫోన్ వచ్చింది. స్టేషన్ నుంచి. "ఏమ్మా, సుప్రజ మీ పాపేనా? క్యాంపు కేసులో పేరుండాది. పిలిచినప్పుడు రావల్ల" అన్నాడు. ఏం కేసయ్యా అంటే "మీ తమ్మున్నే అడుగు, ఆయనే రాపిచ్చినాడు" అన్నాడు. పిల్లల వైపు వీపు తిప్పి బోర్డు తుడిచాను. అప్పటికే తుడిచిన బోర్డే.

ఏప్రిల్లో నువ్వే వచ్చావు యోహానూ. నేను చేసిన ఉగ్గాని రెండోసారి పెట్టించుకుని తింటూ అడిగావు. "సుప్రజ మాదిరి ఈదే పిల్ల మన జిల్లాలో లేదక్కా. బి.పి.ఈడీ చదివి ఇంట్లో కూర్చుంటే ఏమొస్తాది? ఉద్యోగం వచ్చేదాంక నా క్యాంపుకు పంపు, కళ్లల్లో పెట్టుకుంటా" అన్నావు. మన ఏట్లో గాలి ట్యూబుల మీద జారడానికి, బుల్లి పడవలు తొయ్యడానికి, గుడారాల్లో పడుకోవడానికి బెంగళూరు, హైదరాబాదు నుంచి దుడ్లిచ్చి వస్తారా అని నేను నవ్వితే, "అహోబిలం వచ్చినోళ్లంతా దర్శనమైనాక ఇంగేముంది అని అడుగుతాండారు, ఆ ఇంగేముందికి నేను" అన్నావు. నువ్వు గెలిచావు, సంతోషించాను. పిల్లను పంపాను.

ఇప్పుడు ఇక్కడి బడివాళ్లు దసరా సెలవులు అయిపోగానే సుప్రజను ఆటల టీచరుగా తీసుకుంటామని మాటిచ్చి ఉన్నారు. కేసని తెలిస్తే ఏమంటారు? పిల్లల్ని అప్పగించే ఉద్యోగం అది. ఆ పేరు పోతే మళ్లీ రాదు.

అసలేం జరిగింది? ఉన్నదున్నట్టు రాయి.

నీ అక్క,
ప్రేమకుమారి

ఆళ్లగడ్డ,
ఆగస్టు 25.

ప్రియమైన అక్కకు,

తమ్ముడు యోహాను వందనాలు. నువ్వు ముందు ధైర్యంగా ఉండు. దేవుని దయవల్ల ప్రాణం ఏమీ పోలేదు.

ఆ ఆదివారం గెస్టులు బాగా వచ్చారు. హైదరాబాదు నుంచి బుక్ చేసుకున్న బ్యాచ్ ఒకటి ఉంది. ట్యూబులను పైన గుండం దగ్గర వదులుతాం. కింద మలుపులో ఏటికి అడ్డంగా తాడు కట్టి ఉంటుంది. ఆ తాడు దగ్గర ఒక మనిషి నడుము లోతు నీళ్లలో నిలబడి, వచ్చిన ట్యూబును వచ్చినట్టు ఒడ్డుకు లాగాలి. తాడు దాటిపోతే అవతల అంతా బండలే. ఆ పని సుప్రజది. మూడు నెలలుగా చక్కగా చేసింది, కాదనను.

కొండ మీద వాన పడింది. కింద చుక్క లేదు. మన ఏరు ఎట్లా ఒక్కసారిగా వచ్చి పడుతుందో నీకు నేను చెప్పాలా? పాట ఆగినాక గానీ గొర్రెల కాపరుల కేక ఎవరికీ వినపడలేదు. విన్నవాళ్లు విన్నట్టు ఒడ్డెక్కారు. ఒక గెస్టు మాత్రం ట్యూబులో నడి ఏట్లో ఉండిపోయింది. ఆమె తాడు దగ్గరికి వచ్చేసరికి మన పిల్ల అక్కడ లేదు. తాడు వదిలేసి పోయింది. ఎందుకు వదిలిందో, యాడికి పోయిందో నేను చూడలేదక్కా. ఈ కాలం పిల్లలకు చేతిలో ఫోన్ ఉంటే చుట్టూ ఏం జరుగుతుందో తెలుస్తుందా? గెస్టుకు కాలు బండల మధ్య పడి నలిగింది. కర్నూలు ఆసుపత్రిలో ఉంది.

ఎస్సై అడిగితే నేను చూసింది చెప్పాను. చూడనిది చెప్పలేదు. నువ్వే చిన్నప్పుడు నాకు నేర్పింది కదా, అబద్ధం ఆడొద్దని.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకుండా చదువు. కేసు క్యాంపు మీద పడితే క్యాంపు మూతపడుతుంది. వంట చేసే కృపమ్మ, ట్యూబులు మోసేవాళ్లు, గుడారాలు కట్టేవాళ్లు, సగం కోనమిట్ట దీని మీద బతుకుతోంది. అదే పిల్ల మీద పడితే, చిన్న వయసు, తెలియక చేసిందని జరిమానాతో వదిలేస్తారు. నేను లాయరుతో మాట్లాడాను. ఖర్చంతా నాదే. సుప్రజకు చెప్పు, మామకు నీ మీద ఏమీ కోపం లేదని.

నీ తమ్ముడు,
యోహాను

నంద్యాల,
ఆగస్టు 28.

యోహానుకు,

నీ ఉత్తరం చదివి, లేచి సుప్రజను కొట్టాను. ఇరవై మూడేళ్ల పిల్లను, చెంప మీద. "ఫోన్ చూసుకుంటా మనిషిని ఏట్లో వదిలేస్తివా" అని కొట్టాను. చెంప పట్టుకుని అట్లాగే నిలబడింది. కాదమ్మా అనలేదు.

తర్వాత కూర్చుని నీ ఉత్తరం మళ్లీ చదివాను. పాట ఆగినాక గానీ కేక వినపడలేదని రాశావు. చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నువ్వు రాసేశావు, నీకు తెలియలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే పాట సంగతి నువ్వే తెచ్చావు.

ఏం పాట యోహానూ? ఆగస్టు నెలలో, ఏరు ఎప్పుడు వస్తుందో తెలియని నెలలో, మన ఏటి ఒడ్డున పాటేంది?

సుప్రజ దగ్గరికి పోయి ఒక్కటే అడిగాను. "పాట ఎవరే ఆపింది?"

అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్లకు. ఏడుస్తూ చెప్పింది. నువ్వు మనిషెత్తు సౌండు బాక్సులు తెచ్చి గట్టున పెట్టావంట. వద్దు మామా అంటే, "పాటల్లేకుంటే గెస్టులకు బోర్ కొడతాది, ఊరికే ఉండు" అన్నావంట. ఆరోజు తాడు దగ్గర నిలబడి తలెత్తి చూస్తే కొండ నల్లగా ఉంది. పైన కొండ అంచున గొర్రెలాయన గొంగళి తిప్పుతా ఎగురుతున్నాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు, ఒక్క ముక్క వినపడలేదు. "మామా, పాట ఆపు" అని ఇది అరిచింది. నువ్వు బాక్సు పక్కనే కుర్చీలో ఉన్నావు. చెయ్యి ఊపావు. ఏం కాదులే అన్నట్టు ఊపావు. రెండోసారి అరిస్తే మొహం తిప్పుకున్నావు. అప్పుడు తాడు వదిలేసి, గట్టెక్కి, పరిగెత్తి వైరు పీకింది. పాట ఆగింది. కేక వినపడింది. పైన గుండంలో ఉన్నవాళ్లంతా ప్రాణాలతో ఒడ్డెక్కారు. ఇది వెనక్కి పరిగెత్తేలోపల ఆ ఒక్క ట్యూబు తాడు దాటిపోయింది.

ఇదీ జరిగింది. నువ్వు చూడలేదా? నీ కాళ్ల దగ్గర వైరు పీకితే చూడలేదా? సిగ్గుండాలిరా.

ఎవరో బయటినుంచి వచ్చిన వ్యాపారి చేసి ఉంటే తెలియక చేశాడు పాపం అనుకునేదాన్ని. నువ్వు కోనమిట్టలో పుట్టినోడివి. తొలకరి పడిన దగ్గర్నుంచి ఏరు తేటపడేదాకా ఆ ఒడ్డున డప్పు కొట్టరు. మైకు పెట్టరు. పెళ్లివాళ్లు వచ్చినా ఏరు దాటేదాకా మేళం ఆపుతారు. ఎవరు నీళ్లలో దిగినా ఒక మనిషి చెవిబండ ఎక్కి కూర్చోవాలి, పైన కాపరి వేసిన కేక అందుకోవాలి. రెడ్లకైనా మనకైనా అదే కట్టుబాటు. మన సంఘంలో బాప్తిస్మాలప్పుడు పాస్టరు మనిషిని ముంచే ముందు పాట ఎందుకు ఆపిస్తాడు? పైఊరి వాళ్లు చూసి ఎంత భక్తో అనుకుంటారు. అది భక్తి కాదు, ఏరంటే భయం. నీ బాప్తిస్మం నాడు నువ్వు నీళ్లలో నిలబడి పెద్ద గొంతుతో పాడుతుంటే, చెవిబండ మీద కూర్చున్న నాయన ఏమన్నాడు? "నోరు ముయ్‌రా, ఏరు వస్తాందో ల్యాదో విననీ" అన్నాడు. ఊరంతా నవ్వారు. నువ్వు నెల రోజులు నాయనతో మాట్లాడలేదు.

ఆ బండ మీద ఇప్పుడు ఏముందో సుప్రజ చెప్పింది. సెల్ఫీలు తీసుకోవడానికి రెక్కల బొమ్మ పెట్టించావంట.

రేపే స్టేషన్‌కు పోయి ఉన్నది చెప్పు. అంతవరకు నాకు రాయొద్దు.

ప్రేమకుమారి

ఆళ్లగడ్డ,
సెప్టెంబరు 9.

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తాను. నీకు ఒక్కదానికే కలం ఉందా?

అరవడం నాకూ వచ్చు. నేను అబద్ధం రాశానంటావు. ఏది అబద్ధం? తాడు వదిలిందా లేదా? వదిలింది. వదలకుండా ఉంటే ఆ గెస్టు కాలు బాగుండేదా లేదా? బాగుండేది. నీ కూతుర్నే అడుగు, కాదంటే నా చెవి కోసి నీ చేతిలో పెడతా. నేను దీన్ని ఎస్సైకి చెప్పాను. వైరు సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నువ్వు నంద్యాలలో ఫ్యాను కింద కూర్చుని చెవిబండ గురించి రాస్తావు. నెల తిరిగేసరికి నీకు జీతం పడుతుంది. చెవిబండ మీద కూర్చున్నందుకు నాయనకు ఎవడన్నా ఏమన్నా ఇచ్చాడా? బతికినన్నాళ్లు ఊరి ప్రాణాలు కాచి, పోయేనాటికి పైకప్పు ఉరుస్తున్న ఇంట్లో పోయాడు. ఆ ఊరికి రోడ్డు ఎవరి వల్ల పడింది? నా గెస్టుల కార్ల వల్ల పడింది. కోనమిట్ట యాడుందని అడిగిన నా కొడుకు లేడు ఇదివరకు. ఇప్పుడు ఫోన్లో కొడితే ఏరు ఫొటో వస్తుంది, కింద రేటింగు చుక్కలు వస్తాయి, బాగుంది అని రాస్తారు. పాటలు లేవని, సప్పగా ఉందని రెండు వారాలు వరసగా రాశారు. ఆ రెండు వారాలు గుడారాలు ఖాళీ. నీకు తెలుసా ఆ సంగతి? సుప్రజ చెప్పిందా?

ప్రతి ఆదివారం పెడతా ఉన్నాను పాటలు. జూన్ నుంచి. ఒక్కరోజు ఏమీ కాలేదు. ఆరోజే అయింది. నా ఖర్మ.

క్యాంపు పోతే నేను మళ్లీ ఆళ్లగడ్డ ఇనుప సామాన్ల అంగట్లో మేకులు తూకం వెయ్యాలి. నలభై దాటినాక. ఊళ్లో అందరి మొహాలు చూస్తూ. సుప్రజకు ఏముంది? ఆడపిల్ల. రేపు పెళ్లి చేస్తే ఇంటి పేరు మారుతుంది, ఊరు మారుతుంది. ఎవరికి గుర్తుంటుంది ఈ కేసు?

నేను కూడా దాని మేనమామనే. నాకు ప్రేమ లేదనుకోకు.

యోహాను

నంద్యాల,
అక్టోబరు 8.

ఒరే యోహానూ,

వందనాలు లేవు. ప్రియమైన లేదు. నీకు అవి రాసే చేయి వేరే ఎవరిదన్నా తెచ్చుకోవాలి.

పెళ్లి చేస్తే పేరు మారుతుందని రాశావే, ఆ వాక్యం రాసి మళ్లీ ఒకసారి చదువుకున్నావా? నీ క్యాంపు పేరు పోకూడదు, నా కూతురి పేరు పోతే మొగుడి పేరు తగిలించుకుంటే సరిపోతుంది. ఎంత తేలిగ్గా రాశావురా. అది మూడు నెలలు నీ ఏట్లో నడుము లోతున నానుతూ నిలబడి నీ చుక్కలు సంపాదించి పెట్టింది.

సెలవులు అయిపోయాయి. మొన్న బడికి పోయాం. హెడ్మాస్టరు కూర్చోమనలేదు. "కేసు తేలినాక చూద్దాంలేమ్మా, తల్లిదండ్రులు అడుగుతాండారు" అన్నాడు. ఆటల టీచరు కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని హాజరు రాసుకుంటోంది. సుప్రజ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. దారిపొడుగునా నిన్ను తిడుతూ నడిచాను. ఎవరు విన్నా సరే అని గట్టిగానే తిట్టాను. అది మాత్రం, "ఊరుకోమా, తాడు వదిలింది నేనే కదా" అంది. నువ్వు ఆ పిల్ల నోట్లో పెట్టిన మాట అది. రెండు నెలలుగా దాన్నే నములుతోంది. నువ్వు కేసులో ఇరికించింది ఒక ఎత్తు. దాని తప్పే అని దానికే నమ్మకం కలిగించావు చూడు, అది ఇంకో ఎత్తు. అందుకు నిన్ను నేను వదలను.

నువ్వు అబద్ధం చెప్పలేదంటావు. సగం చెప్పావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎస్సై అడగలేదంటావు. ఎస్సైకి మన ఏరు తెలుసా? మన బండ తెలుసా? అడగడానికి ఆయనకు తెలియదనే ధైర్యంతోనే నోరు మూసుకున్నావు. ఆ స్టేషన్‌లో తెలిసినవాడివి నువ్వొక్కడివే, అందుకే నిన్నే అడుగుతున్నాను.

ఇంకొక సంగతి విన్నాను. ఫ్రాన్సిస్ అన్న చెప్పాడు. చెప్పాలా వద్దా అని మా గడప దగ్గర టోపీ తిప్పుకుంటూ నిలబడి చెప్పాడు. పోయిన ఆదివారం కోనమిట్ట మందిరంలో సాక్ష్యం చెప్పే సమయంలో నువ్వు లేచావంట. "గొప్ప ఆపద నుంచి దేవుడు నన్నూ నా క్యాంపునూ కాపాడినాడు, శత్రువుల నోళ్లు మూయించినాడు" అని చెప్పావంట. అందరూ స్తోత్రం అన్నారంట. తెల్ల చొక్కా వేసుకున్నావంట. నువ్వు దేవుణ్ణి కూడా నీ కేసులో సాక్షిగా పెట్టుకున్నావా? ఎంత కావరంరా నీకు!

మనమంతా నీ చిన్నప్పటి నుంచి నువ్వేం చేసినా పోనీలే చిన్నోడు అన్నాం. నాయన అన్నాడు, అమ్మ అంది, అందరికన్నా ఎక్కువ నేనన్నాను. ఇంగ అనను.

ఈ ఆదివారం కోనమిట్టకు వస్తున్నాను. మందిరానికే వస్తాను. నువ్వు ఎక్కడ నిలబడి సాక్ష్యం చెప్పావో అక్కడే నిలబడి, పాట ఎవరు పెట్టారో, ఎవరు ఆపమన్నారో, ఎవరు చెయ్యి ఊపారో, ఎవరు వైరు పీకారో చెబుతాను. స్తోత్రం అన్న నోళ్లు అప్పుడేమంటాయో విందాం. బెదిరిస్తున్నానని అనుకో. బెదిరిస్తూనే ఉన్నాను.

ప్రేమకుమారి

ఆళ్లగడ్డ,
అక్టోబరు 13.

అక్కా,

నువ్వు ఆదివారం ఎందుకు రావాల్సిన పని లేకపోయిందో ఫ్రాన్సిస్ అన్న ఫోన్లో చెప్పే ఉంటాడు. అయినా నా నోటితో రాస్తున్నా.

శనివారం స్టేషన్‌కు పోయాను. అంతా చెప్పాను. బాక్సులు నావి, పాట నేనే పెట్టించాను, సుప్రజ రెండుసార్లు అరిచింది, నేను విన్నాను. విన్నానక్కా. విని, ఇంకో పాట అయిపోనీలే అనుకున్నాను. ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదు ఈ మాట. ఎస్సై రాసుకోవడం ఆపి తలెత్తి చూశాడు. "ఇన్ని దినాలు ఏం చేస్తాంటివప్పా? మేనకోడలి మీద యేసి తిరుగుతాంటివా?" అన్నాడు. పక్కన కానిస్టేబులు నవ్వాడు. వాడు శిరివెళ్లవాడు, నాకు తెలిసినవాడే.

ఇప్పుడు కేసు నా మీద. సుప్రజ సాక్షి మాత్రమే అని రాసుకున్నారు. వాళ్లు పిలిస్తే పోయి చెబితే చాలు. క్యాంపుకు సీలు వేశారు. ట్యూబులన్నీ గాలి తీసి గోడవారన పడేశారు. కృపమ్మ ఏడ్చింది, తర్వాత నన్ను తిట్టింది, తర్వాత మళ్లీ ఏడ్చింది.

ఆదివారం మందిరంలో లేచాను. మొదటి మాట చెప్పేసరికే వెనక వరసలో ఎవరో దగ్గారు. రెండో మాటకు ఎవరూ దగ్గలేదు. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు ప్రార్థన కూడా చెయ్యలేదు, కానుకల పాట ఎత్తుకున్నాడు. బయటికొస్తే చెప్పులు వేసుకునేదాకా ఒక్కడు పలకరించలేదు. నువ్వు వచ్చి చెప్పి ఉంటే ఇంతకన్నా ఏం చేసేదానివి? నువ్వు అనుకున్నది అయింది. సంతోషమా?

నాకూ కోపంగానే ఉంది అక్కా. నీ మీద, నా మీద, ఆ ఏటి మీద. ఎవరి మీద ఎంతో తెలియడం లేదు. కానీ చేయాల్సింది చేశాను. నీ కూతురి పేరు మీది మచ్చ కడిగేశాను. ఇక ఒక్కటే అడుగుతున్నా. సుప్రజను ఒక్క ముక్క రాయమను. క్షమించాను మామా అని. ఒక్క ముక్క చాలు. అది లేకుండా నాకు నిద్ర పట్టదు.

యోహాను

నంద్యాల,
అక్టోబరు 27.

యోహానుకు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. స్టేషన్‌లో నువ్వు చెప్పింది విని బడివాళ్లు మళ్లీ కబురు పెట్టారు. జనవరిలో ఇంకో ఖాళీ ఉందంట. మంచిది. నీకు థ్యాంక్స్ చెప్పను. నువ్వు లాక్కున్నది తిరిగిచ్చావు, అంతే.

నీ ఉత్తరం సుప్రజకు ఇచ్చాను. నిలబడే చదివింది. "మామ నిన్ను ఒక్క ముక్క రాయమంటున్నాడు" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు గెలిచినట్టుగానే ఉంది. నీ పేరు కడిగించాను చూడు అన్నట్టు దాని ఎదురుగా నిలబడ్డాను.

అది నావైపు చూసి, "అమ్మా, ఆ పిల్ల పేరేంది?" అంది.

ఏ పిల్ల అన్నాను.

"కాలు పోయిన పిల్ల. రెండు నెల్లుగా నువ్వూ మామా ఉత్తరాల్లో కొట్లాడుకుంటాండారు కదా. నా పేరు పోయిందని నువ్వు, క్యాంపు పేరు పోయిందని ఆయన. ఆ పిల్ల పేరేందో చెప్పు."

నాకు తెలియదు. నీ ఉత్తరాలన్నీ తీసి చూశాను. గెస్టు, గెస్టు, గెస్టు అని ఉంది. చివరి ఉత్తరంలో ఎస్సై ఉన్నాడు, కానిస్టేబులు ఉన్నాడు, కృపమ్మ ఏడ్పు ఉంది, నీ చెప్పులు కూడా ఉన్నాయి. ఆ పిల్ల లేదు. నేను రాసినవి నీ దగ్గరున్నాయి. తీసి చూడు, వాటిలోనూ ఉండదు. కనీసం కాలు ఎట్లుందని ఒక్కసారి కూడా నేను నిన్ను అడగలేదు.

"వినీత" అంది సుప్రజ. అంత కోపంగా ఒక పేరు పలకడం నేనెప్పుడూ వినలేదు.

హైదరాబాదు పిల్ల కాదు యోహానూ. డోన్. వాళ్ల నాయన లారీ తోలుతాడు. ఆ పిల్ల సెల్‌ఫోన్ల అంగట్లో పనికి చేరి మొదటి జీతం తీసుకుంది. హైదరాబాదులో ఉన్న స్నేహితురాలు బుక్ చేస్తే, అమ్మకు చెప్పి, కొత్త చుడీదార్ కొనుక్కుని మన ఏరు చూడ్డానికి వచ్చింది. మోకాలి కింద కాలు తీసేశారు. సెప్టెంబరులోనే తీసేశారంట. నీకు తెలుసా? నాకు తెలియదు.

సుప్రజకు తెలుసు. ఉద్యోగం వెతుక్కోవడానికని చెప్పి నా దగ్గర బస్సు చార్జీలు తీసుకుని కర్నూలు పోతోంది ఇన్నాళ్లూ. మొదటిసారి వాళ్లమ్మ వార్డు బయటికి నెట్టేసిందంట. రెండోసారి మొహాన నీళ్లు కొట్టిందంట. మళ్లీ పోయింది. ఇప్పుడు కూర్చోనిస్తున్నారు. ఏం మాట్లాడతావే ఆడ అంటే, "ఏం మాట్లాడను. మంచం దిగేటప్పుడు పట్టుకుంటా" అంది. మన ఇద్దరి మీదా దానికి ఎంత కోపం ఉందో నాకు ఇప్పుడు తెలిసింది. నేను కొట్టిన దెబ్బకు కూడా అంత కోపం రాలేదు దానికి.

బుధవారం నేను కూడా పోతున్నాను. వాళ్లమ్మ మొహం ఎట్లా చూడాలో తెలియడం లేదు. నీళ్లు కొడితే కొట్టనీ.

నువ్వు అడిగిన ఒక్క ముక్క రాయమంటే కాగితం లాక్కుంది. కింద రాస్తోంది. నేను చదవకుండానే మడిచి పంపుతున్నాను.

ప్రేమకుమారి

మామా,
క్షమించాల్సింది నేను కాదు. కర్నూలు పెద్దాసుపత్రి, ఎముకల వార్డు, కిటికీ పక్క మంచం. బుధవారం రా. గెస్టు అనకుండా పేరు పెట్టి పిలువు.
సుప్రజ